యుద్ధభూమిలో కెమెరా

1948 సెప్టెంబరు 18వ తేదీన సికింద్రాబాదు వద్ద తీసిన ఛాయాచిత్రమొకటి హైదరాబాదు చరిత్రను గూర్చిన గ్రంథములలో తరచుగా కానవచ్చుచుండును. అందు ఇద్దరు సేనానులున్నారు. ఒకరు నిజాము సైన్యాధిపతి మేజర్ జనరల్ ఎల్ ఎద్రూస్. మరియొకరు భారత సేనానాయకుడు మేజర్ జనరల్ జయంతనాథ్ చౌధురి. సెప్టెంబరు 13న మొదలైన సైనికచర్య 17వ తేదీన నిజాము దక్కన్ రేడియోలో చేసిన ప్రసంగముతో ముగిసినది. మరునాడు ఈ లొంగుబాటు జరిగినది. చిత్రములో ఎక్కడను రక్తపు చుక్క కానరాదు. రెండు ప్రభుత్వముల నడుమ ఒక కార్యము మర్యాదగా పూర్తియైనట్లే చూపరులకు తోచును.

ఆ సేన షోలాపురము నుండి బయలుదేరి నల్‌దుర్గము, హుమ్నాబాదు, జహీరాబాదు మీదుగా వచ్చినది. జహీరాబాదునకు ఉత్తరమున, మంజీరానది పరిసరములలో నారాయణఖేడు ఉన్నది. ఆ ప్రాంతములోనిదే సిర్గాపూరు. నేడు సంగారెడ్డి జిల్లాలో మండల కేంద్రమైన ఈ ఊరు ఆనాడు నారాయణఖేడు తాలూకాతోపాటు బీదరు జిల్లాకు చెందియుండెను. 1956లో రాష్ట్రముల పునర్విభజన జరిగినప్పుడు గాని ఆ తాలూకా మెదకు జిల్లాలో చేరలేదు. ఈ సంగతి నిచ్చట చెప్పుట భూగోళ పాఠము కొరకు కాదు. బీదరు పేరు మరియొక పత్రములో, ఆ చిత్రమునకు పూర్తిగా విరుద్ధమైన పత్రములో, ఉన్నది.

1948 నవంబరు 29 మొదలు డిసెంబరు 21 వరకు పండిత సుందరలాల్, కాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ అను మువ్వురు పెద్దలు ప్రధాని నెహ్రూ కోరికపై హైదరాబాదు సంస్థానములో పర్యటించిరి. నాటి 16 జిల్లాలలో 9 జిల్లాలు తిరిగిరి. తాము వెళ్లజాలని 109 గ్రామముల నుండి వచ్చిన ఐదువందల మందికి పైగా ప్రజలను ప్రశ్నించి వ్రాసికొనిరి. సైనికచర్య జరుగుచుండగను, జరిగిన పిదపను ముస్లిము ప్రజలపై సాగిన హత్యలను, దోపిడులను, స్త్రీలపై జరిగిన అత్యాచారములను వారు తమ నివేదికలో పేర్కొనిరి. మృతుల సంఖ్య 27,000 నుండి 40,000 వరకు ఉండునని వారి అంచనా. మిక్కిలి దెబ్బతిన్న నాలుగు జిల్లాలుగా ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు పేర్లను వ్రాసిరి. ఆ నివేదికను ప్రభుత్వము దశాబ్దములపాటు ప్రకటింపలేదు.

సైనికచర్యకు ముందటి కాలము గూడ ఇట్లే చీకటిలో నున్నది. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లి గ్రామముపై రజాకార్లును, నిజాము బలగములును కలసి పడి ఊరివారిని వరుసగా నిలబెట్టి కాల్చిరి. గ్రామస్థులు నిలచి పోరాడిన బురుజు నేటికిని ఉన్నది. ఆనాటి చిత్రము లేదు. రజాకార్లను విమర్శించిన ‘ఇమ్రోజ్’ పత్రికా సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను అంతకు కొలది దినములకు ముందే హైదరాబాదు వీథిలో నరికి చంపిరి. కలము పట్టినవానికే ఆ గతి పట్టిన కాలమున కెమెరా భుజమున వేసికొని పల్లెలు తిరుగువాడెవడు?

హైదరాబాదు రాజ్యమునకు ఛాయాచిత్రకళ కొత్త యేమియు కాదు. రాజా దీన్‌దయాళ్ ఆరవ నిజాము కొలువులో నుండి భవనములను, వేటలను, సైనిక విన్యాసములను ఎంత సొగసుగా చిత్రించెనో లోకమెరుగును. కాని కెమెరా దర్బారుది, పట్టణముది. పల్లెకు అది రాలేదు. కనుక మా ప్రాంతపు యుద్ధానుభవమునకు మిగిలినది ఒక లొంగుబాటు చిత్రమును, చిత్రములు లేని ఒక నివేదికయును. యుద్ధచిత్రములను ఎట్లు చూడవలెను, వానిని తీయువాని ధర్మమేమి అను ప్రశ్న పాశ్చాత్యదేశముల పండితులకు మాత్రమే పనికివచ్చు చర్చ యని నేను భావింపకపోవుటకు కారణమిదియే.

మొదట ఈ యంత్రపు పనితనమును కొంచెము తెలిసికొనవలెను. 1855లో ఆంగ్లేయుడు రోజర్ ఫెంటన్ క్రిమియా యుద్ధమునకు వెళ్లినప్పుడు గాజుపలకపై తడి ఆరకముందే మందు పూసి, చిత్రము తీసి, అప్పటికప్పుడే కడుగవలసి యుండెను. అందుకై ఆయన ఒక గుర్రపుబండినే చీకటిగదిగా మార్చుకొనెను. ఒక్కొక్క చిత్రమునకు వెలుతురు కొన్ని క్షణములపాటు లోనికి పోవలెను. పరుగెత్తు గుర్రము గాని, ప్రేలు ఫిరంగి గాని ఆ పలకకు చిక్కవు. కనుక తొలి యుద్ధచిత్రములలో యుద్ధమే లేదు! గుడారములు, కూర్చున్న అధికారులు, ఫిరంగిగుండ్లు పడియున్న ఖాళీ లోయ — ఇవియే ఆయన తెచ్చినవి. కదలనిది మాత్రమే చిత్రమగును. యుద్ధభూమిలో కదలనిది శవము. ఆ తరువాత వచ్చినవారు శవముల వైపు తిరుగుటకు మనుష్యస్వభావమెంత కారణమో యంత్రస్వభావమును అంత కారణము.

అట్లు తిరిగిన మొదటివారిలో ఫెలిచె బియాతో ఒకడు. 1857 నవంబరులో లక్నోలోని సికందర్ బాగులో ఆంగ్లసేన సుమారు రెండువేల మంది సిపాయిలను చంపినది. బియాతో అచ్చటికి చేరినది 1858లో, అనగా కొన్ని నెలల తరువాత. అయినను ఆయన చిత్రములో భగ్నభవనము ముందు అస్థిపంజరములు పరచియున్నవి. పూడ్చిన యెముకలను చిత్రము కొరకు బయటికి తీయించిరని ఆనాటి ఆంగ్లాధికారి యొకడు తన జ్ఞాపకములలో వ్రాసియున్నాడు. చచ్చినవారికి మరల ఒకసారి వేషము కట్టించుట యన్నమాట. అది అబద్ధపు చిత్రమా? సిపాయిలు చచ్చినది నిజము, అచ్చటనే చచ్చినది నిజము. కాని ఆ అమరిక ఎవరి కన్నులకొరకు, ఎవరి గర్వము కొరకు జరిగినదో ఆలోచించినచో చిత్రములోని ఎముకల కంటె కెమెరా వెనుకనున్న మనుష్యుడే మనకు ఎక్కువ భయము గొల్పును.

మన తెలుగుదేశమునకు మరింత దగ్గరి మనుష్యుడొకడున్నాడు. విలోబీ వాలెస్ హూపర్ మద్రాసు సైన్యములోని అశ్వికదళాధికారి. ఛాయాచిత్రకళలో మిక్కిలి ఆసక్తి గలవాడు. 1876 మొదలు 1878 వరకు దక్షిణదేశమును దహించిన మహాక్షామమును మన రాయలసీమ పెద్దలు ‘ధాత కరువు’ అని తరతరములుగా చెప్పుకొనుచున్నారు. యాభై లక్షలకు పైబడిన ప్రాణములు పోయినవని అంచనా. ఆ క్షామములో హూపర్ తీసిన చిత్రములు నేటికిని చరిత్ర గ్రంథములలో అచ్చగుచున్నవి. ఎముకల గూళ్లవంటి తల్లులు, పిల్లలు, ముసలివారు బారులు తీరి కూర్చుండియు నిలచియు ఉందురు. కుటుంబమంతయు వివాహము నాడు స్టూడియోలో తీయించుకొను చిత్రమున ఎట్లు సర్దుకొనునో, వీరిని గూడ అట్లే పొట్టి పొడుగు చూచి సర్దినట్లు తెలియుచుండును. నిలువ శక్తి లేనివారిని అట్లు కూర్చినవాడు వారి పేర్లడుగలేదు. కనీసము చిత్రము క్రింద పేర్లు లేవు.

అయితే ఒక మాట ఒప్పుకొనవలెను. ఆ చిత్రములు లేనిచో ధాత కరువు మనకు అంకెలలోను, సామెతలలోను మాత్రమే మిగిలియుండెడిది. ప్రభువుల పొదుపు ప్రజల పొట్టలను ఏమి చేసినదో ఏ రాజపత్రమును ఇంత నిస్సందేహముగా చెప్పదు. తీసినవాని మనస్సు ఎట్టిదైనను తీయబడిన చిత్రము వానికి విరుద్ధముగా సాక్ష్యము చెప్పగలదు. ఇది ఈ కళలోని వింత.

పదేండ్లు గడచినవి. 1886 జనవరిలో హూపర్ బర్మాలోని మాండలే నగరమున ఆక్రమణసేనకు ప్రోవోస్ట్ మార్షల్‌గా, అనగా సైనికశిక్షలను అమలు జరుపు అధికారిగా, ఉండెను. అప్పటికి యంత్రము మారినది. తడిపలకలు పోయి పొడిపలకలు వచ్చినవి. క్షణములో నూరవ వంతు కూడ పలకకు చిక్కసాగినది. హూపర్‌కు ఒక కోరిక పుట్టినది. కాల్చివేయబడు బర్మా ఖైదీలకు తుపాకిగుండు తగులు క్షణమునే పట్టవలెనని. ‘టైమ్స్’ పత్రికా విలేఖరి మోయిలన్ లండనునకు పంపిన వార్త సారాంశమిది: సిపాయిలు తుపాకులెత్తి గురిపెట్టిన పిదప ఖైదీలను అట్లే నిలిపియుంచి, ఈ అధికారి తన కెమెరాను సరిచూచుకొనును, ఆయన పలకను తెరచునప్పుడే కాల్చుమను ఆజ్ఞ వెలువడును. ఈ వార్త ఇంగ్లాండులో కలకలము రేపినది. పార్లమెంటులో ప్రశ్నలు వచ్చినవి, విచారణ జరిగినది. హూపర్‌ను బహిరంగముగా మందలించి కొంతకాలము జీతము తగ్గించిరి. అంతటితో సరి.

ఆ ఖైదీల మరణమునకు కారణము కెమెరా కాదు. వారిని ఎట్లును చంపెడివారే. చంపుట నేరము కాదని, చంపుచుండగా చిత్రము తీయుట మాత్రము అసభ్యమని లండను పెద్దలు తలచిరి. ఈ వంకరన్యాయమును చూచి నవ్వు రావచ్చును. కాని వారి ఆక్షేపణలో ఒక సత్యాంశ మున్నది. గురిపెట్టిన తుపాకుల ముందు ఆ మనుష్యుడు నిలచిన ఆ నిమిషములు కెమెరా సృష్టించినవి. ఆ నిమిషములు హూపర్‌వి. చిత్రకారుడు జరిగినదానిని చూపువాడా, లేక జరుగుదానిలో భాగస్వామియా అన్న ప్రశ్నకు మాండలేలో సందేహమునకు తావులేని సమాధానము దొరకినది. ఆయన పట్ల నాకు సానుభూతి లేదు.

ఎనుబదియైదు సంవత్సరముల పిమ్మట అదే ప్రశ్న మన పొరుగుననే మరింత చిక్కుగా ఎదురైనది. 1971 డిసెంబరు 16న ఢాకాలో జనరల్ నియాజీ జనరల్ అరోరా యెదుట లొంగుబాటు పత్రముపై సంతకము చేయుచున్న చిత్రము మన ఇండ్లలో ఎరుగనివారుండరు. అది గూడ సికింద్రాబాదు చిత్రమువలె శుభ్రమైన చిత్రము. రెండు దినములు గడచినవి. డిసెంబరు 18న ఢాకాలో ఒక బహిరంగసభ జరిగినది. పాకిస్థాను సేనకు తోడ్పడిన రజాకార్లని నిందింపబడిన కొందరిని చేతులు కట్టి అచ్చటికి తెచ్చిరి. రజాకార్ అను ఆ మాట మన తెలంగాణములో వినబడిన మాటయే; ఆ యుద్ధములో అచ్చటను అదే పేరు పెట్టుకొనిరి. విదేశీ ఛాయాగ్రాహకులు గుమికూడియుండిరి. విజేతలు బందీలను కొట్టసాగిరి, తరువాత బాయినెట్లతో పొడువసాగిరి.

అప్పుడు ఛాయాగ్రాహకులు రెండుగా చీలిరి. ఫ్రెంచి దేశస్థుడు మార్క్ రిబూ మొదలగు కొందరు కెమెరాలు దించి వెడలిపోయిరి. ఈ చంపుట కెమెరాల కొరకే జరుగుచున్నదని, తాము లేనిచో ఆగవచ్చునని వారి తలంపు. అసోసియేటెడ్ ప్రెస్‌కు చెందిన హార్స్ట్ ఫాస్, మిషెల్ లారెంట్ అను ఇరువురు నిలచి చిత్రములు తీసిరి. వెళ్లినవారు వెళ్లినను హత్యలు ఆగలేదు. నిలచినవారికి 1972లో పులిట్జరు బహుమానము వచ్చినది.

ఎవరు చేసినది ధర్మము? నేను ఈ విషయమున చాలకాలము ఇటునటు ఊగితిని. వెడలిపోయినవారి చేతులు శుభ్రముగా నున్నవి. కాని వారు వెడలిపోయిన పిదప అందరును వెడలిపోయియుండినచో, ఢాకాలో డిసెంబరు 16 నాటి సంతకముతోనే యుద్ధము ముగిసినదని మనమందరమును నమ్మెడివారము. మన బీదరు పల్లెలకు జరిగినది అదియే గదా! అచ్చట ఏ ఫాసును నిలువలేదు. లొంగుబాటు చిత్రముతో కథ ముగిసినట్లు మూడు తరముల పిల్లలు చదువుకొనిరి. అందుచేత నా తీర్పు నిలచినవారి పక్షముననే యున్నది, బహుమానమును మాత్రము నేను మనస్ఫూర్తిగా మెచ్చలేకున్నాను. ఒకవేళ కెమెరా కొరకే ఆ హత్యలు జరిగియుండినచో ఆ చిత్రములు హూపర్ చిత్రముల కంటె ఎంతో దూరములో లేవు. ‘ఒకవేళ’ అను మాటను ఎవ్వరును తీసివేయలేరు.

ఇక సామాన్య గృహస్థు తరచుగా అడుగు ప్రశ్న వేరొకటి కలదు. ఆ పిల్ల చచ్చుచుండగా వీడు కెమెరా ఎట్లు పట్టినాడు, పోయి ఎత్తుకొనరాదా? అడుగవలసిన ప్రశ్నయే. 1972 జూన్ 8న వియత్నాములో నేపాము మంటలకు ఒడలు కాలి, బట్టలు లేక, రహదారిపై పరుగెత్తివచ్చిన తొమ్మిదేండ్ల బాలిక ఫాన్ థీ కిమ్ ఫుక్ చిత్రమును లోకమంతయు చూచినది. చిత్రము తీసినవాడుగా పేరొందిన నిక్ ఉట్ ఆ బాలికను తన బండిలో ఆసుపత్రికి చేర్చెను, ఆమె బ్రతికినది. ఆ చిత్రము నిజముగా తీసినదెవరని 2025లో వివాదము చెలరేగి వరల్డ్ ప్రెస్ ఫోటో సంస్థ కర్త పేరును నిలిపివేసినది. అసోసియేటెడ్ ప్రెస్ మాత్రము ఉట్ పేరునే ఉంచినది. బాలికను ఆసుపత్రికి చేర్చిన సంగతి మాత్రము వివాదములో లేదు. 1993లో సూడానులో ఆకలితో నేలకొరగిన శిశువును, వెనుక వాలియున్న రాబందును కెవిన్ కార్టర్ ఒకే చిత్రములో పట్టెను. రాబందును తరిమితినని ఆయన చెప్పెను. శిశువునేమి చేసితివని ప్రపంచము ఆయనను నిలదీసినది. 1994లో ఆ చిత్రమునకే పులిట్జరు బహుమానము వచ్చినది. ఆ జూలైలోనే ఆయన ఆత్మహత్య చేసికొనెను. చిత్రమును చూచి కన్నీరు కార్చి, పత్రిక మడచి, భోజనమునకు లేచిన మనము ఆయనను ప్రశ్నించుటకు ఎంతవరకు అర్హులమో నేను చెప్పజాలను.

మన దేశ విభజన నాటి చిత్రములలో అమెరికను వనిత మార్గరెట్ బోర్క్‌వైట్ తీసినవి సుప్రసిద్ధములు. 1947లో కాందిశీకుల బారులను ఆమె చిత్రించుచున్నప్పుడు తోడుగానున్న విలేఖరి లీ ఐటింగన్ తరువాతి కాలమున చెప్పినదానిని బట్టి, చిత్రము కుదురలేదని ఆమె ఆ అలసిన జనమును మరల మరల వెనుకకు పంపి నడిపించినదట. కాదనుటకు సైతము వారికి ధైర్యము లేకపోయెను. ఆ చిత్రములు గొప్పవి కావని ఎవ్వరును అనలేరు. ఆ గొప్పతనములో కొంత ఆ కాళ్ల నొప్పి కలసియున్నది.

ఆమెతో 1946లో దక్షిణాది క్షామప్రాంతములు తిరిగినవాడు సునీల్ జానా. 1918లో అస్సాములో పుట్టి 2012లో అమెరికాలో మరణించిన ఈ వంగదేశీయుడు 1943 నాటి వంగ క్షామచిత్రములతో పేరు గడించెను. కమ్యూనిస్టు పార్టీ కార్యదర్శి పి. సి. జోషీ ఆయనను చదువు మాన్పించి ఆ పనికి తీసికొనిపోయెను. చిత్రములు ‘పీపుల్స్ వార్’ పత్రికలో అచ్చయినవి. పోస్టుకార్డులుగా అచ్చువేసి సహాయనిధికై అమ్మిరి. హూపర్ చిత్రములకును జానా చిత్రములకును గల భేదము కేవలము కళలోనిది కాదు. ఆకలిగొన్నవాని చిత్రము ఎవరి చేతికి పోవుచున్నది, పోయి ఏమి తెచ్చుచున్నది అన్నదానిలోనిది. హూపర్ చిత్రము ఆల్బములోనికి పోయినది; జానా చిత్రము గంజికేంద్రమునకు డబ్బు తెచ్చినది. జానా ఒక పార్టీ మనిషి యని, ఆ పార్టీ చూపదలచినదే చూపెనని ఆక్షేపింపవచ్చును. నిజమే. కాని ఏ పక్షమునకు చెందనివాడని చెప్పుకొను ఛాయాగ్రాహకుడు గూడ ఎవరో ఒకరి అనుమతితోనే, ఎవరి బండిలోనో ఎక్కియే యుద్ధభూమికి చేరును. జానా తన బండి ఎవరిదో దాచలేదు.

ఆయన తెలంగాణ రైతాంగ పోరాటమును గూడ చిత్రించెను. తుపాకి చేతబట్టిన తెలంగాణ యోధుల చిత్రములు నాటినుండి నేటివరకు గోడపత్రికలపైనను, పుస్తకముల అట్టలపైనను మనకు కనబడుచునే యున్నవి. తుపాకి పట్టిన స్త్రీ చిత్రమును చూచినప్పుడు మనకు గర్వము కలుగును. చిత్రము అందుకొరకే ఉన్నది. 1986లో స్త్రీశక్తి సంఘటన వారు ‘మనకు తెలియని మన చరిత్ర’ అను గ్రంథమును ప్రకటించిరి. ఆ పోరాటములో పాల్గొన్న స్త్రీలు తమ నోటితో చెప్పిన మాటలవి. చిత్రములో లేనివన్నియు అందున్నవి: అడవిలో కాన్పులు, వదలివచ్చిన పసిబిడ్డలు, పోరాటము విరమించిన పిదప ఇక ఇంటికి పొండన్నప్పుడు కలిగిన నిరాశ. తుపాకి ఎత్తిన క్షణము కెమెరాకు చిక్కినది. తుపాకి దించిన పిమ్మటి ముప్పదియేండ్లు చిక్కలేదు. చిత్రము అబద్ధమాడలేదు. అది ఒక్క క్షణము మాత్రమే మాటాడినది.

ఒక్క క్షణము ఎంత అన్యాయము చేయగలదో ఎడ్డీ ఆడమ్స్ ఎరుగును. 1968 ఫిబ్రవరి 1న సైగాన్ వీథిలో జనరల్ న్గుయెన్ న్గోక్ లోన్ చేతులు కట్టిన ఖైదీని తలపై కాల్చుచుండగా ఆయన తీసిన చిత్రము యుద్ధవ్యతిరేకులకు పతాకమైనది. ఆడమ్స్‌కు పులిట్జరు వచ్చినది. కాని జీవితాంతము ఆయన ఆ చిత్రమును గూర్చి నొచ్చుకొనెను. ఆ జనరల్ ఖైదీని చంపినాడు, నేను నా కెమెరాతో ఆ జనరల్‌ను చంపితిని అను భావమును 1998లో వ్రాసెను. చిత్రము చూపినది జరిగినదే; దానికి ముందు ఏమి జరిగినదో చిత్రము చెప్పదు. అది చెప్పవలసినది చిత్రము క్రింది వాక్యము. కనుక పత్రికలో చిత్రము చూచునప్పుడు క్రింది వాక్యమును రెండుసార్లు చదువవలెనని నేను మా యింటి పిల్లలకు చెప్పుచుందును. వారు వినుట వేరు సంగతి.

ఎవరి శవమును చూపవచ్చును, ఎవరిది చూపరాదు అనుటలో గూడ ఒక రాజకీయమున్నది. 1991 మొదలు 2009 వరకు అమెరికా ప్రభుత్వము తన సైనికుల శవపేటికలు డోవర్ విమానస్థావరమునకు చేరుటను చిత్రింపనీయలేదు. అదే కాలమున పరదేశముల మృతుల ముఖములు అక్కడి పత్రికలలో ధారాళముగా వచ్చుచునే యుండెను. మన పత్రికలును ఇందుకు మినహాయింపు కావు. దూరదేశపు బిడ్డ శవమును మొదటి పుటలో వేయు సంపాదకుడు తన వీథిలోని బిడ్డ శవముపై బట్ట కప్పును. కప్పుట ధర్మమైనచో ఇద్దరికిని ధర్మమే. యుద్ధఖైదీల విషయమున 1949 నాటి మూడవ జెనీవా ఒప్పందములోని 13వ అధికరణము వారిని అవమానముల నుండియు, జనుల వేడుకచూపు నుండియు కాపాడవలెనని స్పష్టముగా విధించుచున్నది. చేతికి చిక్కిన శత్రువును టెలివిజనులో నిలిపి మాటాడించు ప్రతి దేశమును ఆ అధికరణమును అతిక్రమించుచున్నట్లే.

ఇప్పుడు సిర్గాపూరులోని పాలబూతు వద్ద నిలచినవాని చేతిలోనికి గూడ యుద్ధచిత్రము నిమిషములో చేరుచున్నది. 2025 మే నెలలో భారత పాకిస్థానుల నడుమ సంఘర్షణ జరిగిన దినములలో వీడియో ఆటలలోని దృశ్యములు, ఇతర దేశముల పాత యుద్ధచిత్రములు కొత్తవిగా ఊరూర తిరిగినవి. కంప్యూటరు స్వయముగా కల్పించిన చిత్రములు వానికి తోడైనవి. ఫెంటన్ గుర్రపుబండి నాటినుండి ఛాయాచిత్రమునకు ఒక్క బలముండెను: అక్కడికి ఎవడో ఒకడు పోయి నిలచినాడను నమ్మకము. ఆ నమ్మకము కొరకు ప్రాణమిచ్చినవారున్నారు. రాబర్ట్ కాపా 1954 మేలో ఇండోచైనాలో మందుపాతరపై కాలుమోపి మరణించెను. రోహింగ్యా శరణార్థుల చిత్రములకు 2018లో తోటివారితో కలసి పులిట్జరు నందుకొన్న మన దేశస్థుడు డానిష్ సిద్దికీ 2021 జూలై 16న ఆఫ్ఘనిస్థానములోని స్పిన్ బోల్డక్ వద్ద హతుడయ్యెను. పోయి నిలచినవాని చిత్రమును, ఎవ్వడును పోనిచోట పుట్టిన చిత్రమును ఒకే వ్రేలితో త్రోసి ఇతరులకు పంపుటయే నేడు చూపరి చేయు అపచారము. ఛాయాగ్రాహకుని ధర్మమును గూర్చి ఇంతసేపు చెప్పితిని; కాని నేడు ఒక చిత్రమును పదిమందికి పంపిన ప్రతివాడును పత్రికా సంపాదకుడు చేయు పనినే చేయుచున్నాడు. ఎవరు తీసినది, ఎప్పుడు, ఎక్కడ అని ఆ సంపాదకుని గది అడిగెడి ప్రశ్నలను అతడు గూడ అడుగవలసియున్నది.

సుందరలాల్ సంఘము వారు చిత్రములు లేకయే తమ పని చేసిరి. 109 గ్రామముల ప్రజలు నడచివచ్చి మాటలు చెప్పిరి, వీరు వ్రాసికొనిరి. ‘మనకు తెలియని మన చరిత్ర’ కూడ మాటలతోనే వచ్చినది. నారాయణఖేడు ప్రాంతములో 1948 సెప్టెంబరును కన్నులార చూచినవారు, ఆనాడు ఎనిమిది పదేండ్ల పిల్లలైనవారు, నేడు ఎనుబదియైదేండ్లు దాటినవారై అచ్చటచ్చట ఇంకను ఉన్నారు. కొందరు తెలుగున, కొందరు కన్నడమున, కొందరు ఉర్దూలో చెప్పుదురు. ఎవరు ఎవరిని చంపిరో చెప్పునప్పుడు వారి గొంతు తగ్గును. ఎవరు ఎవరిని దాచి కాపాడిరో చెప్పునప్పుడు పేర్లతో సహా చెప్పుదురు. ఈ రెండింటిని గూడ, వారి అనుమతి తీసికొని, అడ్డురాకుండ వినిన మనుమలు తమ జేబులోని ఫోనులోనే నిలుపవచ్చును. చెప్పువాని పేరు, ఊరు, చెప్పిన తేదీ మొదటనే పలికించినచో పదియేండ్ల తరువాత వినువానికి ఆ ధ్వని యెవరిదో అనుమానము కలుగదు.